మంగళవారం అరక్రాపు

అప్పట్లో నా తలమీద జుట్టుండేది. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు నన్ను చూసినవాళ్ళెవరూ నమ్మరు. దువ్వెన పళ్ళు విరిగేంత ఒత్తయిన జుట్టు. ఆ వయసులో మనిషికి రెండే ఆస్తులు, జుట్టూ పంతమూ (నాకు డిగ్రీ కాగితం కూడా ఉండేది గానీ, అది ఆస్తి కింద రాదని రెండేళ్ళు ఖాళీగా తిరిగాక తెలిసిపోయింది). ఇప్పటి కుర్రాళ్ళు వాళ్ళ జట్టు గొప్పదని వాదించాలంటే ఫోను తీసి బొటనవేలితో పోట్లాడుకుంటారు. మేం మెడ కత్తి కింద పెట్టి వాదించేవాళ్ళం. ఏదో మాట వరసకి అంటున్నాననుకునేరు. నిజంగానే కత్తి కిందే!

మాది రాజోలు దగ్గర ఓ పల్లెటూరు. ఇంటికొకరు గల్ఫులో ఉండే ఊరు. అలా వెళ్ళి పన్నెండేళ్ళు కువైట్‌లో సెలూన్లో పనిచేసి, తిరిగొచ్చి మా సెంటర్లో సొంత షాపు పెట్టుకున్నాయన్ని ఊరంతా కువైట్ బాబాయ్ అనేవారు. ఆయన అక్కణ్ణించి మంచి కరెంటు మిషనొకటి తెచ్చుకున్నారు. దాంతోపాటు ఇంగ్లండు లీగులో ఆడే ఎర్రచొక్కాల ఫుట్‌బాల్ జట్టు మీద వల్లమాలిన అభిమానం తెచ్చుకున్నారు. మంగళవారమంటే లెక్కలేనితనం కూడా తెచ్చుకున్నారు. మా వైపు మంగళవారం ఎవరూ క్షవరం చేయించుకోరు, చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆ రోజు సెలూన్లన్నీ మూతే. బాబాయ్ మాత్రం, "కువైట్లో మంగళారమని చెప్పి ఎవడైనా గెడ్డం పెంచుకున్నాడేంటండీ?" అంటూ పొద్దున్నే తలుపులు తీసేవారు. తీసినా తల అప్పగించే ధైర్యం ఊళ్ళో ఎవరికీ ఉండేది కాదు. అందువల్ల మంగళవారం అది సెలూన్ కాదు, ఫుట్‌బాల్ సభ. శ్రావణమాసంలో ఇంగ్లండులో లీగు మొదలయ్యే ముందు, ఈ ఏడాది కప్పు ఎవరిదన్న దానిమీద జరిగే వాదనలకి అద్దాలు పగలకపోవడం ఆ అద్దాల అదృష్టం.

ఆ సభలో నేను ఒంటరివాణ్ణి. షాపులో అందరూ బాబాయ్‌కి మొహమాటపడో, మిషనుకి భయపడో ఎర్రజట్టు వాళ్ళే. నాది తెల్లజట్టు. నేను పుట్టాక ఒక్కసారైనా కప్పు ముట్టుకోని జట్టది. కిందటేడు ఆఖరి వారంలో ఎవరో ఓడిపోబట్టి గానీ, లేకపోతే కింది లీగులోకి జారిపోయేవాళ్ళు. మరి అలాంటి జట్టుని ఎలా పట్టుకున్నావురా అంటే, అది నా తప్పు కాదు. కువైట్‌లో ఉన్న మా బావగారు నాకు చొక్కా కొందామని వెళితే ఎర్రవి అయిపోయాయట, ఎవరూ కొనని తెల్లవి మాత్రం కుప్పగా పోసి ఉన్నాయట. అలా వచ్చిపడ్డ చొక్కా ఒకటి తొడుక్కున్నాను, అంతే. పెళ్ళాన్ని ఎంచుకున్నవాడికన్నా తాళి కట్టేశాక ప్రేమించినవాడి పంతం ఎక్కువుంటుంది చూశారూ, అదీ నా పరిస్థితి.

ఆ ఏడాది శ్రావణంలో ఓ సోమవారం సాయంత్రం తాటిపాక నుంచి ఫోనొచ్చింది. గ్యాస్ బావుల దగ్గర కాంట్రాక్టు పనులు చేసే ఒక ఆఫీసులో మీటర్ల రీడింగు చూసి రాసే ఉద్యోగం, మర్నాడు పదకొండింటికి ఇంటర్వ్యూ. అప్పటికి మూడుచోట్ల కాదనిపించుకుని ఉన్నాను. అమ్మ ఖరాఖండీగా చెప్పేసింది. "ఇదిగో, ఇది గానీ రాలేదంటే మీ బావగారు వీసా చూస్తానన్నారు, కువైట్ వెళ్ళిపోవాలి. ఇంక నేను ఆగలేను." నాకు ఊరు వదలాలని లేదు. ఎందుకని అడిగితే చెప్పలేను, వెళ్ళాలని లేదంతే. మా కాలవ గట్టు మీంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఉద్యోగం చేసి, సాయంత్రానికి ఇంటికొచ్చి వేణ్ణీళ్ళు పోసుకోవడం కంటే గొప్ప బతుకు ఇంకోటుంటుందని నాకు అప్పుడూ తోచలేదు, ఇప్పుడూ తోచడం లేదు.

జుట్టేమో భుజాలదాకా ఉంది. మంగళవారం పొద్దున్నే బయల్దేరుతుంటే, "ఇవాళ క్షవరమేంట్రా, నీకేం పోయేకాలం?" అని అమ్మ. "ఆ జుట్టుతో వెళితే వాళ్ళు ఉద్యోగమివ్వరు, బిచ్చమేస్తారు" అని నేను. ఎనిమిదింటికి సెలూన్లో అడుగుపెట్టేసరికి సభ నిండుగా ఉంది. నడిమధ్యన కోళ్ల మావయ్య. ఈయన పందెం పుంజుని చూసి దాని తాతని చెప్పగల మనిషి, ఏ రంగు పుంజు ఏ వారం గెలుస్తుందో కుక్కుటశాస్త్రం ప్రకారం లెక్కగట్టేవారు. ఫుట్‌బాల్ అంటే అక్షరమ్ముక్క తెలీదు, అయినా జోస్యం ఆయనదే. "ఎర్రచొక్కా అంటే డేగ అల్లుడూ. తెల్లచొక్కా అంటే సేతు. ఆటలెప్పుడంటావ్? శనారం. శనారం డేగకి తిరుగుందా? ఆయ్! శనారం సేతు బరిలోకి దిగిందంటే సాయంత్రానికి కూరే" అని తేల్చేశారు. షాపంతా ఘొల్లుమంది. కువైట్ బాబాయ్ నాకు గుడ్డ కట్టి, మిషను ఆన్ చేసి, కుడిపక్క మొదలెట్టి, "శాస్త్రం అబద్ధం చెప్పదు కదండీ" అన్నారు నా చెవిలో.

ఊరుకోవచ్చు కదా! పదకొండింటికి ఇంటర్వ్యూ ఉన్నవాడు, కుడిపక్క అయ్యాక ఎడంపక్క ఇంకా మిగిలున్నవాడు ఊరుకోవాలా వద్దా? నేను ఊరుకోలేదు. "మావయ్యా, మీకో మాట చెప్పాలండి. ఎర్రజట్టు వాళ్ళు వేరే ఊరెళ్ళి ఆడేటప్పుడు నల్లచొక్కాలు వేస్తారు. అప్పుడది డేగ అవుద్దా, కాకి అవుద్దా?" అన్నాను. మావయ్య అనుభవంలో ఊరు మారితే రంగు మార్చుకునే పుంజు లేదు. "రంగేసిన పుంజునా నువ్వు బరిలోకి దింపేది?" అని ఆయన బాబాయ్ మీదకి తిరిగారు. ఇందాక నామీద నవ్విన షాపు ఇప్పుడు బాబాయ్ మీద నవ్వింది. పైగా నేను ఆగానా? "రంగులు మార్చేవాళ్ళతో మాకు పోటీ ఏంటండి, ఈ ఏడు కప్పు తెల్లజట్టుదే" అని అద్దంలోకి చూసి మరీ అన్నాను. (మా జట్టు కూడా వేరే ఊళ్ళో పసుపు చొక్కా వేస్తుంది. ఆ సంగతి నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.)

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏవన్నావురా అబ్బాయ్?"

"కప్పు మాదే అన్నాను బాబాయ్."

"కప్పు ఎర్రజట్టుదే అను. అంటేనే రెండో పక్క."

"అననండి."

"గంట తొమ్మిదవతంది. ఇవాళ మంగళారం. రాజోలెళ్ళినా అమలాపురం ఎళ్ళినా నీ తల ముట్టుకునేవాడు లేడు. బాగా ఆలోచించుకో."

అద్దంలో చూసుకున్నాను. కుడిపక్క పోలీసు ఉద్యోగానికి పనికొచ్చే క్రాపు, ఎడంపక్క చెవి మీదుగా భుజం దాకా వేలాడుతున్న జుట్టు. ఒక్క మాట. "మీదే బాబాయ్" అంటే పది నిమిషాల్లో మనిషినైపోతాను. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ షాపులో అంతమంది ఆ మాట కోసం నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు చూశారూ, అది చూడగానే ఒళ్ళు మండిపోయింది. మెడ గుడ్డ నేనే విప్పుకుని, దులిపి, మడతపెట్టి కుర్చీ మీద పెట్టి బయటికొచ్చేశాను. గుమ్మం దాటేదాకా ఆయన పిలుస్తారని నేనూ, వెనక్కి తిరుగుతానని ఆయనా. ఇద్దరం మొండిఘటాలమే.

దొడ్డిదారిన ఇంటికెళితే అమ్మ బావి దగ్గర ఎదురుపడి చేద వదిలేసింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను, వెళ్ళి ఆ ముక్క అనేసి రారా. నోటి మాటేగా, సొమ్మేం పోయింది?"

"అననమ్మా."

"ఆ జట్టువాళ్ళకి నువ్వున్నావని తెలుసంట్రా అసలు?"

(ఇది మంచి ప్రశ్న. ఇన్నేళ్ళయినా జవాబు దొరకలేదు.) కత్తెర తెచ్చి నేనే సరిచేస్తానంది. ఆవిడ కత్తిరించే జాకెట్టు ముక్కల సంగతి నాకు తెలుసు కనక వద్దన్నాను. స్నానం చేసి, నాన్న పాత తువ్వాలు తలకి చుట్టుకుని బస్సెక్కాను. దారంతా కువైట్ విమానమే కళ్ళముందు కనపడింది. అయినా సరే, తిరిగి ఆ సెలూన్‌కి వెళ్ళాలనిపించలేదు.

ఇంటర్వ్యూ చేసింది ఆఫీసు పెద్దసారు, నెరిసిన మీసాలాయన. లోపలికెళ్ళగానే, "ఏంటయ్యా ఆ తలపాగా? తీసెయ్" అన్నారు. తీశాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఇంక దాచి లాభం లేదని డేగ దగ్గర్నించి గుడ్డ మడతపెట్టడం దాకా మొత్తం చెప్పేశాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"మీ జట్టు నిజంగా గెలుస్తుందనే నమ్మకమా నీకు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "గట్టిగా చెప్పలేనండి. కానీ వాళ్ళది గెలుస్తుందని మాత్రం నేను అననండి. ఆట ఇంకా మొదలే కాలేదు కదండీ."

ఆయన నా దరఖాస్తు పక్కన పెట్టారు. "ఇక్కడ నీ పని మీటరు చూసి ముల్లు ఎక్కడుంటే అది రాయడం. ఎవడో వచ్చి, ఇంకో అంకె వెయ్యి, ఏం పోయిందంటాడు. అప్పుడేం చేస్తావ్?"

"ముల్లు చూపించిందే రాస్తానండి."

"అరగుండు చేసి వదిలేస్తానన్నా?"

"ఆయ్" అన్నాను.

అప్పుడు నవ్వారాయన, బల్ల మీద ఫైళ్ళు కదిలేటట్టు. "ఎల్లుండి గురువారం డ్యూటీకి రా. ఈలోగా ఆ రెండో పక్క ఏదో ఒకటి చూడు" అన్నారు.

మా ఊళ్ళో బస్సు దిగేసరికి స్టాపులో కువైట్ బాబాయ్ నిలబడి ఉన్నారు, చేతిలో మిషను పెట్టెతో. ఎప్పట్నించి నిలబడ్డారో, చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది. "వచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, "రా, కూకో" అంటూ షాపువైపు నడిచారు. కుర్చీలో కూర్చున్నాక, "ఏమీ అనక్కర్లేదా బాబాయ్?" అన్నాను. "నోరు మూసుకుని కూకో. మీ అమ్మగారు వచ్చి నాలుగు వాయించి వెళ్ళేరు. మీ అమ్మగారు అనకపోయినా నాకు పొద్దున్నించీ ముద్ద దిగలేదు" అన్నారు. ఎడంపక్క పూర్తిచేశారు. మెడ మీద పౌడరు అద్దుతూ, చాలా మెల్లిగా, "కానీ కప్పు మాత్రం మాదే" అన్నారు. "మాది" అన్నాను నేను కూడా అంత మెల్లిగానే.

ఆ ఏడు కప్పు ఇద్దరిదీ కాలేదు. షాపులో ఎవరూ లెక్కలోకే తీసుకోని నీలంజట్టు ఎగరేసుకుపోయింది. కోళ్ల మావయ్య మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "నీలం పుంజు ఎక్కడైనా ఉంటదేంటండీ? లేనిదాని గురించి శాస్త్రం ఏం చెప్తాది?" అని మా ఇద్దర్నీ కసిరారు.

ఉద్యోగంలో ఇంతకాలంలో ఇంకో అంకె వెయ్యమన్నవాళ్ళు ఒకరిద్దరు తగిలారు. వాళ్ళకి ఏం చెప్పానో మీకు తెలుసు. జుట్టు మాత్రం నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. తెల్లజట్టు ఇప్పటికీ కప్పు ముట్టుకోలేదు. బాబాయ్‌కి చెయ్యి కాస్త వణుకుతోంది, షాపుని అల్లుడు చూసుకుంటున్నాడు. అయినా ప్రతి శ్రావణంలోనూ లీగు మొదలయ్యే ముందు ఓ మంగళవారం నేను వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంటాను. అల్లుణ్ణి పక్కకి తప్పుకోమని, బాబాయ్ స్వయంగా లేచొచ్చి గుడ్డ కట్టి, చెవుల వెనక మిగిలిన నాలుగు వెంట్రుకల మీదా శ్రద్ధగా మిషను నడుపుతారు. కుడిపక్క అవగానే ఆపేసి, "ఎర్రజట్టుదే అంటావా, అనవా? అనకపోతే సగంలో వదిలేస్తానొరేయ్" అంటారు.

"అనను బాబాయ్. ఈసారి కప్పు మాదే."

ఆయన అద్దంలో నా తల చూస్తారు, నేనూ చూసుకుంటాను. మిగిలిన సగం ఎక్కడుందో ఇద్దరికీ కనపడదు.