ఇటుకలతో మూసిన కిటికీ

మా బావ చెయ్యి విరిగింది ఒక ఉత్తుత్తి కిటికీ దగ్గర.

సౌదీలోని బురైదాలో ఖర్జూరం తోట మధ్య ఇంగ్లండు జమీందారు బంగళా లాంటిది కడుతున్నాం. మా కఫీల్, అంటే మమ్మల్ని వీసా మీద తెప్పించుకున్న ఆసామి, ఎక్కడో చూసొచ్చిన పాత బంగళా ఫొటోలు చూపించి అచ్చం అలాగే కావాలన్నాడు. పొయ్యి లేని ఇంటికి ఆరు పొగగొట్టాలు. పైవరసలో నాలుగు కిటికీలు, నాలుగూ ఇటుకలతో మూసినవే.

"మూసేదానికి కిటికీ ఎందుకు సార్?" అని అడిగాను.

మా సైటు ఇంజనీరు, రాజమండ్రి ఆయన, నవ్వాడు. "ఒకప్పుడు ఆ దేశంలో కిటికీలకు పన్ను వేసేవారయ్యా. అది తప్పించుకోడానికి కొందరు ఇలా మూసేశారు. మనవాడికి ఆ మూసిందే అందంగా కనిపించింది."

సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ పన్ను వాళ్ళది, సోకు వీడిది, చాకిరీ నాది. ఒళ్ళు మండింది.

ఆ వారమే పైనుంచి జారిన ఇటుక బావ చెవి రాసుకుంటూ పోయింది. బావంటే నా చెల్లెలి మొగుడు, నాతోపాటే ఇక్కడ తాపీ పని. మా జగిత్యాల దిక్కు దిష్టి కట్టనిదే గోడ లేపం. భయమేసి, నల్లదారానికి నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి, మూడో కిటికీ వెనక సందులో పెట్టి ఇటుకలు పేర్చేశాను. బావకు కూడా చెప్పలేదు.

పది రోజులకు కఫీల్ పైకి వచ్చి ఆ కిటికీ జానెడు జరపమన్నాడు. బావ సుత్తితో పగలగొట్టాడు. ఎండిన నిమ్మకాయ, ముడులేసిన దారం కఫీల్ కాళ్ళ దగ్గర పడ్డాయి.

"సిహ్ర్!" అని అరిచాడు. అంటే చేతబడి. దానికి ఇక్కడ తలే పోవచ్చు. పార కట్టె అందుకుని బావను వీపు మీద, మోకాళ్ళ మీద బాదాడు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. పళ్ళ కింద పెదవి తెగి బావ నోట్లోంచి నెత్తురు కారింది. నా తాపీ వాడి మెడలో దించాలనిపించి ఒక అడుగు వేశాను.

బావ నా మొహం చూశాడు. అది పెట్టింది నేనేనని అతనికి అర్థమైపోయింది.

"నోరు తెరువకు. తెరిస్తే ఇద్దరం పోతం," అన్నాడు. తర్వాత కఫీల్ వైపు తిరిగి "అనా, అనా" అన్నాడు. నేనే, నేనే అని.

నేను నోరు తెరవలేదు. అది పిరికితనమే, దానికి వేరే పేరు పెట్టను. ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడి పోలీసుల దాకా పోకుండా ఆపాడు. మూడో రోజు బావకు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇండియాకు పంపేశారు. ఆ కిటికీ మళ్ళీ నేనే కట్టాను.

మెట్ల మీంచి పడ్డానని బావ ఇంట్లో చెప్పాడు. చెల్లె ఫోన్ చేసింది.

"కుడిచెయ్యి ఇగ లేవదంటున్రు అన్నా. నువ్వు పక్కన ఉండంగ ఎట్ల పడనిచ్చినవ్?"

"నేను చూడలే చెల్లె," అన్నాను.