సగం రొట్టె

బరువు తగ్గనీకి ఆపరేషన్ చేసి చిన్నగ చేసిన కడుపు మళ్లా సాగిందనుకున్న. తగ్గిన బరువు తిరిగొస్తున్నకొద్దీ కడుపునే తిట్టిన. శంషాబాద్ దవాఖానల పరీక్ష చేసిన డాక్టరమ్మ నవ్వింది.

"కడుపు చిన్నగానే ఉందండీ. మీరు అన్నంలో అంత మజ్జిగ పోసుకుంటే, నిండకముందే జారిపోతుంది. గట్టి తిండిని బాగా నమిలి తినండి."

నేను నమ్మలే. ఎయిర్‌పోర్టు దగ్గర సాతంరాయిల ఉన్న మా ఇంటికొచ్చి, అక్క చేసిన జొన్నరొట్టె వంకాయ కూరతోని మెల్లగ నమిలిన. సగం రొట్టె కాంగనే, రొమ్ము కింద ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టయింది. ఇంటి మీదికెళ్లి విమానం పోతుంటే పళ్లెం అదిరింది. నేను కదల్లే.

"ఏమైందే?" అక్క పరేషానయింది.

"కడుపు చాలంటున్నదక్కా. గిన్ని తిట్లు తిన్నంక గూడ నాతోని మాట్లాడుతున్నది."