మిరపకల్లంలో కె, ఎన్, జి

మొన్న మా మనవరాలు ఫోనులో ఏదో ఆట ఆడుతోంది. ఇచ్చిన మూడు అక్షరాలూ ఉన్న ఇంగ్లీషు మాటలు కనిపెట్టాలట. పిల్ల కాసేపైనా బుర్ర గోక్కోకుండా ఇంకేదో నొక్కింది, మాటలన్నీ వరసగా వచ్చి పడ్డాయి. ఇదేం ఆటే అని ఫోను లాక్కుని బోర్లించాను. నానమ్మకు కోపం ఎక్కువని వాళ్ళమ్మతో చెప్పుకుంది. ఎక్కువే మరి. ఆ ఆటతో నాకున్న సంబంధం దానికి తెలియదు, మీకైనా చెబుతాను.

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోవడంతో ఇంటి పెత్తనమంతా పెదనాన్నదే. కోసిన మిరపకాయ కల్లంలో ఎండే రోజుల్లో, బడి వదలగానే నేనూ వెళ్ళి అమ్మ, మేనత్త, కూలికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని, ఎర్రకాయలోంచి తెల్లబారిన తాలుకాయ ఏరి పక్కన పడేసేదాన్ని. ఘాటుకు ముక్కు కారేది, చేతులు మండేవి, ఆ చేత్తో పొరపాటున కన్ను నులుముకుంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆ మంట మరిపించడానికి మేనత్త ఒక ఆట కనిపెట్టింది. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళే సంచులు ఒకరివొకరివి కలిసిపోకుండా, రైతు పేరులోని పొడి అక్షరాలను ఇంగ్లీషులో నల్లరంగుతో వేసేవారు. ఆవిడకు ఒక్క అక్షరమూ రాదు, అయినా ఏదో ఒక సంచి చూపించి, ఇవన్నీ ఉన్న మాట ఒకటి చెప్పవే అనేది. నేను చెప్పడం, దాని అర్థం విని అందరూ నవ్వడం, ఇదీ మా కాలక్షేపం.

నా పదో తరగతి ఏడు పెదనాన్న కల్లంలో నిలబడే తీర్పు చెప్పేశాడు. పరీక్షలు అవగానే చదువు చాలు, గుంటూరు కాలేజీ మాట ఎత్తొద్దు. అమ్మ తల దించుకుంది, నేను దించలేదు. చదువుతానన్నాను. చదువంటే సంచుల మీది అక్షరాలతో ఆటలనుకున్నావా అని ఆయన నవ్వి, అయితే నా సంచి మీది అక్షరాలున్న మాటలు చెప్పు చూద్దాం అన్నాడు. ఆయన మార్కా కె, ఎన్, జి. నేను గుక్క తిప్పుకోకుండా కింగ్, కుకింగ్, వాకింగ్, టాకింగ్ అని అందుకుని, ఆయన నోట్లో చుట్ట చూసి స్మోకింగ్ కూడా చేర్చాను. అర్థం చెప్పేసరికి కల్లమంతా నవ్వులు. పెదనాన్నకు ఒళ్ళు మండింది. ఆయనా కాస్త ఇంగ్లీషు చదివినవాడే.

"అన్నిటికీ చివర ఇంగ్ అని ఒకటే తోక తగిలిస్తే సరా? ఆ తోక లేకుండా ఒక్కటి చెప్పు. చెప్తే కాలేజీ, లేకపోతే కల్లం!"

ఎంత వెతుక్కున్నా దొరకలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి మిరప ఘాటుకు వచ్చినవి కావు. అంతలో పడమట మబ్బు కమ్ముకొచ్చింది. వాన పడేలోగా కాయ కుప్పచేసి పట్టాలు కప్పకపోతే ఏడాది కష్టం బూజు పట్టిపోతుంది. అందరినీ లేవమని పెదనాన్న కేకేశాడు. మేనత్త లేవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"దానికి దొరకలేదు సరే, నీకు దొరికిందా అన్నయ్యా? దొరక్కపోయినా నువ్వు పెత్తనం చేస్తన్నావుగా. అదీ అట్టాగే చదువుకుంటది."

అమ్మ దోసిట్లో కాయలు కింద పోసేసి ఆవిడ పక్కకు జరిగింది. ఆ వెనకే కూలి పోతుందని తెలిసీ తక్కిన ఆడవాళ్ళంతా కదలకుండా ఉండిపోయారు. పెదనాన్న ఆకాశం వంక చూశాడు, వాళ్ళ వంక చూశాడు, పంపిస్తాను లెగండి తల్లీ అన్నాడు. గుంటూరు కాలేజీకి అని ఆయన నోటితో అనిపించుకున్నాకే మా అత్త లేచింది. కాయ తడవలేదు.

కాలేజీలో చేరిన కొత్తల్లోనే ఆ మాట కనబడింది, నాలెడ్జ్. మొదట్లో పలకని కె తో సహా మూడు అక్షరాలూ ఉన్నాయి, తోక లేదు. పెదనాన్న పోయేదాకా ఆయనకు చెప్పలేదు. చెబితే, ఆ రోజు గెలిస్తేనే నేను చదువుకు తగినదాన్నని ఒప్పుకున్నట్టవుతుంది. నేనెందుకు ఒప్పుకోవాలి?

ఇప్పుడు మా వైపు ఆడపిల్లను చదువు మానమనేవాళ్ళు దాదాపు లేరు, సంతోషమే. కానీ అదే గుంటూరులో ర్యాంకు వచ్చిన పిల్లకు ఫ్లెక్సీ కడుతున్నారు, రాని పిల్లను పలకరించే దిక్కు ఉండటం లేదు. ఓడిపోయిన పిల్ల తరఫున పని మానుకుని కూర్చున్న ఆ ఆడవాళ్ళలో ఈ రోజు ఒక్కరూ లేరు. వచ్చే ఏడు మా మనవరాలి పరీక్షలు. దానికి ర్యాంకు రాలేదని ఇంట్లో ఎవరైనా ఒక్క మాట అన్నారో, నేను వెళ్ళి దాని పక్కన కూర్చుంటాను. ఆ రోజు మా వంటింట్లో పొయ్యి వెలగదు, ఇప్పుడే చెబుతున్నా.