పేలని తుపాకీ

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే లేచి బయటికి పోయే రకం నేను. శ్మశానం గట్టు మీద కూర్చుని అన్నం తిన్నవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది దెయ్యం సంగతేనని కూడా అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఊరు నెల్లూరు వైపు కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి దగ్గర. మా వేరుశనగ చేనుకు ఆనుకుని సరుగుడు తోపు ఉంది. అందులో అడవిపందులు చేరాయి. కాయ ఊరే వేళకు వచ్చి చేనంతా తవ్విపోసేవి. కాపలాకు వెళ్ళిన ఒక ముసలాయన్ని కడుపు చీల్చి చంపాయి. ఆ తర్వాతే అధికారులు కాల్చడానికి అనుమతి ఇచ్చారు. ఊళ్ళో తుపాకీ లైసెన్సు ఉన్నది నాకొక్కడికే. ఉన్న పాత తుపాకీ ఉప్పుగాలికి తుప్పు పట్టిపోయింది.

కొత్తది కొనడానికి నెల్లూరు వెళ్ళాం, నేనూ నా భార్య తమ్ముడు పెంచలయ్యా. వాడికి రైఫిల్ మీద మనసు. భుజానికి ఆనించినవాడు కిందికి దించడే.

"ఒక్క దెబ్బకి పడిపోవాల బావా. ఇదే తీసుకుందాం" అన్నాడు.

దుకాణం పెద్దాయన మా చేను ఎక్కడుందో అడిగి తల అడ్డంగా ఊపాడు. "రైఫిల్ గుండు తోపు దాటి పోద్ది. అవతల ఒడ్డున వలలు లాగేవాళ్ళు ఉంటారు గదా అయ్యా?"

ఆ మాటతో రెండు గొట్టాల తుపాకీ వైపు తిరిగాం. మొదట ఇచ్చినదానికి, భుజానికి ఆనించే కర్ర నా చేతికి పొడుగైంది. ఇంకోటి తీసిచ్చాడు. అది కుదిరింది. దానికి లావు గుళ్ళ తూటాలు, తూటాలు గుచ్చుకునే నడుం బెల్టు, మందపాటి బూట్లు, మోకాలి దాకా వచ్చే తోలు తొడుగులు. ఇసుకలో ఇవన్నీ ఎందుకని పెంచలయ్య నవ్వాడు గానీ, నేను బలవంతం చేస్తే తొడుక్కున్నాడు.

రెండు రోజుల తర్వాత, బాగా పొద్దెక్కాక, కొందరు తోపు అవతలి నుంచి డబ్బాలు వాయిస్తూ పందుల్ని తోలారు. నేను చేను గట్టు మీద తుపాకీతో ఉన్నాను. పెంచలయ్య నాకు కాస్త ఎడంగా, ఈటెతో.

ముందు పిల్లలున్న పంది ఒకటి పక్కకు పోయింది. దాన్ని వదిలేశాం. తర్వాత మగది వచ్చింది. నా మీదికే వస్తుందనుకున్నాను. మధ్యలో మళ్ళి పెంచలయ్య మీదికి పోయింది. ఈటె దాని మూపుకు తగిలి విరిగింది. వాడు వెల్లకిలా పడ్డాడు. తోలు తొడుగు అయిపోయిన చోట, మోకాలికి పైన, కోర దిగింది. పంది తల విదిలిస్తే తొడ పాతగుడ్డలా చిరిగిపోయింది. మళ్ళీ పొడిచింది. వాడి అరుపు మనిషి అరుపులా లేదు. ఇసుక తడిసి నల్లబడింది.

నేను తుపాకీ ఎత్తాను. మీట కదల్లేదు. మీటను ఆపి ఉంచే బంధం తీశానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. వేలు తిమ్మిరెక్కేలా నొక్కాను. రాయిని నొక్కినట్టుంది. పంది ముట్టె వాడి కడుపు మీదికి వచ్చింది.

అప్పుడు పేలింది. ఒకదాని వెంట ఒకటి, రెండు పేలుళ్ళు. నా భుజం మీద సమ్మెటతో కొట్టినట్టయింది. పంది మెడ చిట్లి నెత్తురు నా ముఖాన పడింది. అది వాడి కాళ్ళ మీదే కూలి, తన్నుకుని తన్నుకుని ఆగిపోయింది.

నేనే కాల్చాననుకున్నాను. నడుం బెల్టు తీసి వాడి తొడకు బిగించి కట్టాను. ఆటోలో వాడు నా చొక్కా పట్టుకుని "నా పాపను చూసుకో బావా" అని ఒక్కటే మాట అంటూ ఉన్నాడు. నెల్లూరు ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయేదాకా నా చొక్కా వదల్లేదు.

సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ మా ఇంటికొచ్చి తుపాకీ మడిచి గొట్టాల్లోకి చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు.

"ఇదేంది సామీ? ఇది కాల్చిన తుపాకీ కాదే."

రెండు తూటాలూ లోపలే ఉన్నాయి, చెక్కు చెదరకుండా. వాటి అడుగున, తూటాను పేల్చే సూది తగిలిన గుర్తు లేదు. గొట్టాల్లో మసి లేదు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన బెల్టులో తూటాలు గుచ్చినవి గుచ్చినట్టే ఉన్నాయి.

"ఇంకో తుపాకీ యాడ దాచినారు?" అన్నాడాయన. ఇల్లంతా, తోపంతా వెతికారు. ఏమీ దొరకలేదు. పందిని కోస్తే లావు గుళ్ళు బయటపడ్డాయి. తోలేవాళ్ళు రెండు పేలుళ్ళు విన్నారు. ఒడ్డున వలలు లాగేవాళ్ళూ విన్నారు. నా భుజం మీది కమిలిన మచ్చ చాలా రోజులు పోలేదు.

పెంచలయ్య బతికాడు. కాలు మాత్రం ఈడుస్తాడు. ఆ సంగతి వాడు ఒక్కసారే ఎత్తాడు, కట్లు విప్పిన రోజు.

"నువ్వు కాల్చలేదు బావా. కింద పడి నిన్నే చూస్తా ఉండాను. నీ తుపాకీలో నిప్పు రాలేదు."

"మరి నా భుజం?"

"నువ్వు ఊగినావు. ఎవురో నీ భుజానికి ఆనించుకుని కాల్చినట్టు."

ఎవరని అడిగాను. కనపడలేదన్నాడు.

ఊళ్ళో అడిగితే నేనే కాల్చానని చెబుతున్నాను. వేరే ఏం చెప్పను? పెంచలయ్య పక్కనుంటే కాదనడు, తల మాత్రం తిప్పుకుంటాడు. అంతకు మించి నాకూ తెలియదు.