తంగేడు నల్లికి ఇద్దరి పేర్లు

పిండినల్లుల్లో మగవాటిని ఎవరూ లెక్కచేయరు. వాటికి రెక్కలుంటాయి, తినడానికి నోరుండదు, నాలుగు రోజులు ఎగిరి చచ్చిపోతాయి. అసలు సంగతంతా ఆడవాటిదే. ఒళ్లంతా తెల్లటి పిండి పూసుకుని, ఉన్నచోటే కూర్చుని చెట్టు రసం పీలుస్తాయి. అది ఏ ప్రజాతిదో, అంటే దగ్గరి జాతుల్లో ఏ గుంపుదో, తేల్చాలంటే ఆడదాన్నే పట్టుకుని, క్షారంలో కాచి, రంగు పట్టించి, లవంగ నూనెలో ముంచి, గాజుపలక మీద పరిచి, ఒంటి మీది ముళ్లూ రంధ్రాలూ లెక్కపెట్టాలి. నేను చదివిన పెద్ద చదువు ఇదే.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మర్రిగూడలో మా అవ్వ ఇంటి పెరటిగోడ పక్కన, తంగేడు కొమ్మ మీద ఒక నల్లి దొరికింది. హైదరాబాదు తెచ్చి చూస్తే తెలిసిన ఏ ప్రజాతితోనూ కలవలేదు. కొత్త ప్రజాతే అనుకుని సారు దగ్గరికి పరిగెత్తాను. మా సారు మాత్రం సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే, "ఒక్క పురుగును చూపించి కొత్త ప్రజాతి అంటావా? ఇది అవిటిది కావచ్చు. ఇంకో పది ఆడవాటిని తే, లేదా మరిచిపో" అన్నారు. ప్రజాతికి పేరు పెట్టే యోగం ఎందరికి పడుతుంది? మరిచిపోవడమా! వెంటనే అవ్వకు ఫోన్ చేశాను, ఆదివారం వస్తున్నా, తంగేడు మీది నల్లుల్ని చూడాలి అని. అదే నేను చేసిన తప్పు.

వెళ్లేసరికి తంగేడు తలంటు పోసుకున్నట్టు మెరుస్తోంది. కొమ్మకొమ్మనూ కుంకుడురసంతో తోమి పెట్టింది మా అవ్వ.

"గంత సదువుకున్న బిడ్డ సూడనీకి వస్తాంది, నల్లులు పట్టిన చెట్టు సూపియ్యాల్నా? మంది ఏమనుకుంటరు?"

"అయ్యో అవ్వా, నేనొచ్చిందే నల్లుల కోసం!"

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా మరి?"

చెప్పాను మహాతల్లీ, ఫోన్లో అరిచి మరీ చెప్పాను. కోపంతో ఏడుపొచ్చి గోడ పక్కన కూలబడ్డాను. అప్పుడు కనిపించింది చీమల బారు. నల్లులు విడిచే తీపి కోసం చీమలు వాటి వెంటే తిరుగుతాయి. ఈ చీమలు గోడ నెర్రెలోంచి అవతలికి పోతున్నాయి. అంటే అవతల, తంగేడు వేళ్ల మీద ఇంకా నల్లులున్నాయన్నమాట.

అవతలి పెరడు మా తాత చెల్లెలిది, అంటే అవ్వకు ఆడబిడ్డ. ఒక బతుకమ్మ నాడు ఈ తంగేడు పువ్వంతా తెల్లారకముందే ఎవరు తెంపుకున్నారన్న పంచాయితీతో వాళ్లిద్దరికీ మాటల్లేక ఏళ్లు గడిచాయి. నేను పోయి సంగతంతా చెప్పి, మీ వైపు వేళ్లు తవ్వుకుంటానని బతిమాలాను.

"తవ్వుకో బిడ్డా. కాని జాగా నాది. పురుగుకు నా పేరే పెట్టాలె."

సరేనన్నాను. మన్ను తీయగానే వేళ్లను కరుచుకుని పదకొండు ఆడ నల్లులు! అక్కడే గంతులేశాను.

అవ్వకు ఈ ఒప్పందం తెలిసి మొదట పడీపడీ నవ్వింది. "కూసున్న కాడ్నే రసం పీలుస్తదా? గట్లయితే దాని పేరు సక్కగ సరిపోతది." తర్వాత ఆ పేరు ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంటుందని విని నవ్వు ఆపేసింది. "చెట్టు నాది, నల్లి నాది, పేరు దానిదా? నేనొప్ప!"

పదకొండూ అచ్చం మొదటిదానిలాగే ఉన్నాయి. సారు కొత్త ప్రజాతే అన్నారు. శాస్త్రంలో ప్రతి పురుగుకూ రెండు మాటలు, మనకు ఇంటిపేరూ పేరూ ఉన్నట్టు: ముందు ప్రజాతి, వెనక జాతి. నాకు కొంటెబుద్ధి పుట్టింది. ప్రజాతికి అవ్వ పేరు, జాతికి ఆడబిడ్డ పేరు పెట్టి, రెండింటికీ లాటిన్ తోకలు తగిలించాను. అచ్చయిన కాగితం పట్టుకుపోయి, ఇద్దరినీ గోడకు అటూ ఇటూ నిలబెట్టి చదివాను.

అవ్వ గోడ మీదుగా మెడ చాచింది. "ముందల నా పేరే ఉన్నది, విన్నవా?"

"ఇన్న. ఎనుక నుంచి నేను నెట్టకుంటే నీ పేరు నడుస్తదా?"

ఆ రోజు నుంచి మాటలు మొదలయ్యాయి. తిట్లే అనుకోండి, కానీ రోజూ తిట్టుకున్నారు.

పోయినేడు అవ్వ పోయింది. దినాల నాడు ఆమె ఆడబిడ్డ నన్ను తంగేడు పక్కకు పిలిచి చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గా పుస్తకాలల్ల మా ఇద్దర్ని ఎవలన్న ఇడదీస్తరా?"

విడదీయవచ్చు. రేపెవరో ఇది కొత్త ప్రజాతి కాదు, పాతదేనని తేలిస్తే అవ్వ పేరు తీసేస్తారు, ఈమె పేరు ఒక్కటే వెళ్లి ఇంకెవరి పేరు వెనకో నిలబడుతుంది.

"ఎవల తరం కాదు" అన్నాను.

అప్పటినుంచి నల్లుల మీద కొత్త వ్యాసం ఏది వచ్చినా, ముందు మా ప్రజాతి పేరు కోసమే భయంభయంగా వెతుకుతాను. ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు.