కొరమీను మింగిన రెండు మార్కులు

మా చిన్నప్పుడు... కొల్లేటి లంకలో మా బడి ఏడో తరగతి దాకానే. ఏడు పాసైతే ఏలూరు హైస్కూలు, తప్పితే వల. నా పక్కన కూర్చునే నాగరత్నానికి వాళ్ళ నాన్న ఆ మాట ముందే చెప్పేశాడు.

సైన్సు పరీక్షలో ఒక ప్రశ్న... చేపలు గాలి ఎలా పీలుస్తాయి? పోస్టుమాస్టరు కూతుర్ని, చేపను కంచంలో తప్ప చూడనిదాన్ని, 'మొప్పలతో' అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. నాగరత్నం అంతటితో ఊరుకోలేదు. 'కొరమీను మాత్రం పైకొచ్చి నోటితో పీలుస్తుంది' అని కూడా రాసింది.

"చేపేంటే, చుట్ట కాల్చే మీ తాతనుకున్నావా" అని మాస్టారు జవాబు మొత్తం కొట్టేశారు. సరిగ్గా ఆ రెండు మార్కులకే పరీక్ష తప్పింది.

మర్నాడు వాళ్ళ నాన్న కుండతో బడికొచ్చాడు. అందులో సగానికే నీళ్ళు, ఒక కొరమీను.

"ఏలూరు మార్కెట్టుకి ఇట్టాగే మోస్తామండి మాస్టారూ. నిండా నీళ్ళోసి మూతేస్తే గాలందక చచ్చిపోద్దండి. పిల్ల రాసింది నిజమేనండి."

మాస్టారు తొంగి చూశారు. అది పైకొచ్చి, నోరు తెరిచి, మళ్ళీ మునిగింది.

"నిజమే కావచ్చయ్యా. పుస్తకంలో లేదు కదా."

"ఆ పుస్తకం రాసినాయన కొల్లేరు ఎప్పుడన్నా వచ్చారాండి?"

మాస్టారు మార్కులు వెయ్యలేదు. చేపను మాత్రం ఉంచుకున్నారు.

నాగరత్నం వలకెళ్ళింది. నేను ఏలూరు వెళ్ళి చదువుకుని, తాడేపల్లిగూడెంలో సైన్సు టీచర్నయ్యాను. ముప్పై ఏళ్ళు పేపర్లు దిద్దాను... కీలో లేని జవాబు కనబడితే చెయ్యి దానంతటదే ఇంటూ కొట్టేది. అలా కొట్టేసినవాటిలో నిజాలెన్నో నాకు తెలియదు. అప్పట్లో తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఇప్పుడు మనవరాలు వట్లూరులో చదువుతోంది. సిలబస్ ఎన్నోసార్లు మార్చామంటారు. అట్టలు నునుపెక్కాయి, రంగుల బొమ్మలొచ్చాయి. 'మీకు దగ్గరలోని సరస్సు గురించి సొంతంగా రాయండి' అన్న ప్రశ్నకు కూడా గైడులో జవాబుంది. పిల్ల అది బట్టీ పట్టింది. కొల్లేరు చూపించమని బడిలో అడిగితే, పోర్షను కాలేదన్నారట.

పుస్తకాలు మార్చేవాళ్ళు ఎవరినడిగి మారుస్తారో గానీ... నాగరత్నాన్నయితే ఎవరూ అడగలేదు.

మీరు నిజం రాసి మార్కులు పోగొట్టుకున్న జవాబేదైనా ఉంటే కింద రాయండి. రిటైరయ్యాను, నా దగ్గర కీ లేదు... నిదానంగా చదివి దిద్దుతాను.