శాలువాల ఫోటోలు

ఇవాళ నేనొక తప్పు చేశాను. సాంస్కృతిక సంస్థలకు మునిసిపాలిటీ ఇచ్చే సాయం కోసం వేసిన కమిటీలో కూర్చుని, వేములపల్లి చిందు యక్షగాన బృందం దరఖాస్తును పక్కన పెట్టించాను. వాళ్ల ఫోటోల్లో ముఖ్య అతిథి లేడని!

ఎంపికైన సంఘం ఫోటోల్లో మాత్రం నాయకులు, పూలదండలు, శాలువాలు. ఆట గానీ పాట గానీ ఒక్కటీ లేదు. ఆ సిగ్గుమాలిన జాబితా మీద సంతకం పెట్టిన సిగ్గుమాలినవాణ్ణి నేనే. నిరుడు ఆ సంఘం నాకూ శాలువా కప్పింది.

ఫలితం విన్న బృందం పెద్దాయన ఆఫీసు మెట్ల మీద నన్ను ఆపాడు. "మేం ఆడుతుంటే జనం సూస్తరు సారూ. ముఖ్య అతిథి ఏం జేస్తడు, వేషం గడ్తడా? ఉన్న కిరీటాలు ఇరిగినయ్. ఈ సాయం రాకుంటే ఇగ మా ఆట ఖతం."

లోపలికి వెళ్లి, జాబితా దగ్గరున్న క్లర్కుతో నా సంతకం కొట్టేస్తానన్నాను. అతను నవ్వాడు. "మరి శాలువా వాపస్ ఇస్తరా సార్?"

"ఇస్తా" అన్నాను. సంతకం కొట్టేసి, ఆ సన్మానం సంగతి కూడా జాబితా కింద రాసి, బృందం దరఖాస్తును మళ్లీ చూడమని కోరాను. తర్వాత మెట్ల దగ్గరికొచ్చి, దాన్ని పక్కన పెట్టించింది నేనేనని పెద్దాయనకు చెప్పాను.